పడవ కడుపులో ఒక పూట

జహనుమా,
17-3-1976

చి.ల.సౌ. రాజమణికి నీ పెనిమిటి భిక్షపతి రాసే సంగతులు. ఇక్కడ నేను, అమ్మ, నువ్వు నాకు అప్పజెప్పిపోయిన మేక బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బిడ్డ, అత్తమ్మ, మామ సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, కానీ ఎవరైనా అడిగితే మళ్లీ వస్తుంది. నీ ఆకుపచ్చ చీర ట్రంకులోనే ఉంది, ఎవరూ ముట్టలేదు, ఒట్టు. బిడ్డకు మా నాయనమ్మ పేరు నీలమ్మ అని పెట్టాలని అమ్మ పట్టు. నీకు నచ్చకపోతే నువ్వే అమ్మకు రాయి, నాతో చెప్పించకు, ఆ లొల్లి నేను పడలేను. బిడ్డ ముక్కు అచ్చం నాదేనని రాశావు. పాపం.

బస్సు డిపోలో మెకానిక్ పరీక్ష సంగతి ఏమైందని కింద రెండు గీతలు గీసి మరీ అడిగావు. పర్మినెంటు ఉద్యోగం కాగితం చూశాకే నిన్నూ బిడ్డనూ పంపుతానని మామ అన్న మాట కూడా రాశావు. ఆ సంగతి చివర రాస్తాను. ముందు పడవ సంగతి విను. అందరికీ చదివి వినిపించు, అత్తమ్మ నవ్వుతుంది.

మన షెడ్డు ఉస్తాద్ ప్రకాశం ఉన్నాడు కదా, లారీ తప్ప మరొకటి ఎరగనివాడు, ఈసారి పడవ పని ఒప్పుకున్నాడు. కిషన్‌బాగ్ అవతల మీరాలం చెరువులో అమరనాథ్ గారని ఒక రిటైరు ఇంజనీరుకు తెరచాప పడవ ఉంది. తెరచాప ఉండగా ఇంజను దేనికని నేనూ అడిగాను. గాలి పడిపోతే ఒడ్డుకు రావడానికట. పాత ఇంజను రింగులు అరిగిపోయి పొగ తప్ప బలం లేకుండా అయింది. దాన్ని తీసి చిన్న డీజిలు ఇంజను పెట్టాలి.

"మనతోని అయితదా ఉస్తాద్?" అన్నాను.

"ఎందుకు గాదు? లారీకి చక్రాలుంటయ్, దీనికి లెవ్వు. గంతే ఫరక్" అన్నాడు.

పడవను ఒడ్డుకు లాగి, మూడు గుంజలు నిలబెట్టి, వాటికి చైను కప్పీ కట్టి పాత ఇంజను ఎత్తేశాం. పదకొండో తేదీ గురువారం కొత్తది దించాలి. లారీకి ఇంజను దించేటప్పుడు నేను ఎప్పుడూ ముందే కిందికి పోయి పడుకుంటాను, పైనుంచి వాళ్లు దించుతుంటే కిందనుంచి షాఫ్టు కలుపుతాను. పద్నాలుగేళ్ల అలవాటు. ఇక్కడా అట్లాగే ఇంజను దించే కంతలోంచి లోపలికి దూరి, వెనక్కి పాకి, షాఫ్టు దగ్గర ముడుచుకుని కూర్చున్నాను. ఇంజను దిగింది. షాఫ్టు కలిసింది.

"మస్తు కూసుంది!" అని ఉస్తాద్ ఎగిరాడు. "భిక్షపతీ, ఇగ బయటికి రా బిడ్డా."

"యాడికెళ్లి రావాలె ఉస్తాద్?"

"ఏంది?"

"నేనొచ్చిన దారిల నువ్వు ఇంజను పెట్టినవ్."

లారీ కింద రోడ్డు ఉంటుంది, పక్కకు దొర్లితే బయటపడతాం. పడవకు కింద ఏముంటుంది రాజమణీ? ఈ మాట షెడ్డు నుంచి పోయిన మా నలుగురిలో ఒక్కడికీ తట్టలేదు. పైన అందరూ పడీ పడీ నవ్వారు. సరే, మళ్లీ ఎత్తుదామని చైను లాగితే ఒక గుంజ బురదలో దిగబడి మొత్తం పక్కకు ఒరిగింది. చేత్తో ఎత్తుదామంటే ఆ ఇరుకులో ఇద్దరికి మించి చెయ్యి పట్టదు. పడవ పక్క పలక కోసెయ్యండి, పడవ పోతే పోయింది, మనిషి ముఖ్యం అని అమరనాథ్ గారే రంపం తెప్పించారు. పెద్దమనిషి. కానీ నా వీపు పలకకే ఆనుకుని ఉంది, రంపం పలక దాటితే నాకే తగులుతుంది. చివరికి కొత్త గుంజల కోసం మా షెడ్డు కుర్రాడు పెంటయ్యను జహనుమాకు తరిమారు. డీజిలు రబ్బరు పైపు సందులోంచి పంపి, అందులో నాకు నీళ్లు పోశారు. ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. మసీదు నుంచి మధ్యాహ్నం జొహర్ అజా లోపలే విన్నాను, సాయంత్రం అసర్ అజా కూడా లోపలే విన్నాను. అప్పటికి ఇంజను లేచింది. అంతసేపూ నేను పాటలు పాడుతూ కూర్చున్నానని ఉస్తాద్ అందరికీ చెబుతున్నాడు.

రాజమణీ, ఇక్కడిదాకా అందరికీ చదువు. ఇక్కడి నుంచి పైకి చదవకు.

నేను పాటలు పాడలేదు. మొదట ఒకటి పాడాను, వాళ్లు నవ్వాలని. తర్వాత ఏడ్చాను. మోకాళ్లు ఛాతీకి ఆని ఉన్నాయి, చెయ్యి తిప్పడానికి చోటు లేదు. ముఖం ముందు ఇనుము, వెనక కర్ర. ఊపిరి లోపలికి పోవడం లేదనిపించింది. నీ పేరు పెట్టి పిలిచాను. అది ఉస్తాద్‌కు పాటలా వినిపించిందేమో. నాకు భయమేసింది, మస్తు భయమేసింది.

సోమవారం డిపోకు పోయాను. రాత పరీక్ష, పాన పని బాగానే చేశాను. తర్వాత బస్సు కింద సిమెంటు గుంతలోకి దిగి గేరుబాక్సు విప్పమన్నారు. అది నాకు అన్నం తిన్నంత సులువు, నీకూ తెలుసు. మూడు మెట్లు దిగాను. నెత్తిమీదికి బస్సు అడుగు వచ్చింది. అంతే, చెమటలు పట్టి పైకి వచ్చేశాను.

"ఏందయ్యా, పాణం బాగలేదా? జర కూసో, మల్ల దిగు" అన్నాడు ఆఫీసరు. మంచివాడు. నీళ్లిచ్చాడు. రెండోసారి రెండు మెట్లే దిగాను. పాన బల్ల మీద పెట్టి, దండం పెట్టి వచ్చేశాను.

అమ్మకు మాత్రం కాగితం పోస్టులో వస్తుందని చెప్పాను. ఉక్కగా ఉందని చెప్పి తలుపు తెరిచి పడుకుంటున్నాను. షెడ్డులో పైపై పనులే చేస్తూ, కింది పనికి పెంటయ్యను పంపిస్తున్నాను. ఇంకెన్నాళ్లు? రేపో ఎల్లుండో ఉస్తాద్ కిందికి పొమ్మంటాడు. లారీ కిందికి దూరలేని మెకానిక్‌ను ఎవరు పెట్టుకుంటారు? నాకు ఇంకో పని రాదు. పడవలోంచి వాళ్లు నన్ను తీశారు కానీ, నేను ఇంకా అందులోనే ఉన్నట్టుంది.

నయమవుతుందో లేదో నాకు తెలియదు. ఆ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేను, అమ్మకు కూడా.

మామ అడిగిన కాగితం రాదు, రాజమణీ. ఏ ముఖం పెట్టుకుని రమ్మంటాను? అయినా అడుగుతున్నాను. ఉద్యోగం రాలేదు. నువ్వు రా.

ఇట్లు,
నీ బిడ్డకు బాపు,
భిక్షపతి