ఫారానికి ప్రార్థన

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ తమిళ ఊళ్లో మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, తెలుగు చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. నేను ఫోన్లో చూసి నేర్చుకున్నాను. కాబట్టి ఇక్కడ ఏమైనా రాయొచ్చు. మా ఆయన ఇళంగో ఒట్టి సోమరి.

ఈరోజు చర్చిలో యూత్ మీటింగుకి ఆయనే స్పీకర్. బైబిల్ ప్రకారం టైమ్ మేనేజ్‌మెంట్. చీమను చూసి బుద్ధి తెచ్చుకోమని సోమరికి చెప్పిన సామెత పట్టుకుని ముప్పావు గంట దంచాడు. మీటింగుకి వెళ్లిందే నలభై నిమిషాలు లేటు.

ఫిబ్రవరి 23

మామ కార్పొరేషన్లో వీధులు ఊడ్చేవాడు. సర్వీసులోనే పోయాడు. ఆ ఉద్యోగం కొడుక్కి రావాలంటే మూడేళ్లలోపు ఫారం ఇవ్వాలి. మార్చి 13 ఆఖరు. ఫారం నింపింది నేను, సర్టిఫికెట్లు తెచ్చింది నేను. ఈయన సంతకం పెట్టి అలసిపోయాడు.

ఇక ఇచ్చి రావడమే. ఇవ్వడట. పాస్టర్ చెయ్యి పెట్టి ప్రార్థించాలట. మా కాలనీలో హాల్ టికెట్టయినా లోన్ ఫారమైనా ప్రార్థన కాకుండా గడప దాటదు. పాస్టరేమో కన్వెన్షన్ అని బోడినాయకనూరులో కూర్చున్నాడు.

మార్చి 2

పాస్టర్ వచ్చాడు. ఈయనకి జలుబు.

మార్చి 12

అత్తకు అరవై రెండు. మోకాళ్లు వాచినా ఇంకా కాంట్రాక్టులో చీపురు పట్టుకునే ఉంది. కొడుక్కి ఉద్యోగం వస్తే మానేస్తుంది. ఆ కొడుకు రేపు మధ్యాహ్నం పాస్టర్‌ని ఇంటికి రమ్మన్నాడట. ఆఖరు రోజు, అదీ మధ్యాహ్నం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మార్చి 13, ఉదయం 9.10, బస్సు

ఫారం బైబిల్లోంచి తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను, నేనే ఇచ్చేద్దామని. పనికి వెళ్లే దారిలో కార్పొరేషన్ ఆఫీసు ముందు బస్సు ఆగింది. దిగలేదు. ఉద్యోగం వచ్చాక ఈయన అంతా దేవుని సమయం అని చర్చిలో సాక్ష్యం చెబుతాడు. అది తలుచుకుంటేనే ఒళ్లు మండింది. సాయంత్రం దాకా టైముంది. మధ్యాహ్నం బట్టల కంపెనీలో పర్మిషన్ పెట్టి వస్తాను.

మార్చి 14

నిన్న కంపెనీలో పర్మిషన్ ఇవ్వలేదు. షిప్‌మెంట్ రోజు. చెకింగ్ టేబుల్ దగ్గర ఏడింటిదాకా నిలబెట్టారు, అప్పటికి ఆఫీసు మూసేశారు. ఫోన్ లాకర్లో ఉండిపోయింది. చూస్తే ఇళంగోవి పదకొండు కాల్స్. రెండింటికల్లా పాస్టర్‌తో సహా సిద్ధంగా ఉన్నాడట. జీవితంలో మొదటిసారి. ఇల్లంతా వెతికినా ఫారం దొరకలేదట.

అత్త తిట్టలేదు. మోకాళ్లకి తైలం రాసుకుంటూ ఒక్కటే అడిగింది.

"బస్సు ఆడనే గదా నిలిచేది, మలరూ. ఏల దిగలేదు?"

సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 16, ఆదివారం

చర్చిలో ఈయన అందరి ముందు లేచి, నన్ను క్షమించానని సాక్ష్యం చెప్పాడు. ఆ ఒక్క పనీ వాయిదా వెయ్యలేదు.

అత్త రాలేదు. ఆదివారం కూడా డ్యూటీ వేశారు.