తొంభై మందికి నాలుగు వందల తుపాకులు

బాబాయ్,

నీ ఉత్తరం చేరింది. "ఎగుమతి లైసెన్సుల ఆఫీసులో నువ్వుండగా నా ఫైలు ఆగడమేంటే?" అని నిలదీశావు. సొంత బాబాయి ఫైలు నేను ముట్టుకోకూడదు. అందుకే తెరవకుండానే పక్క టేబుల్ ఆయనకిచ్చేశాను. ఆయనది డేగచూపు.

ఆయన అడిగింది నువ్వే రాశావుగా. కొనే దేశంలో పోలీసులు తొంభై మంది, నీ ఫ్యాక్టరీ నుంచి అడిగింది నాలుగు వందల తుపాకులు. మనిషికి నాలుగేసి పట్టుకోవాలంటే కాళ్లకూ పని చెప్పాలి. మిగిలినవి ఎవరి చేతికి పోతాయో వాళ్ల ప్రభుత్వం రాసివ్వందే లైసెన్సు రాదు.

ఆదివారం భోజనానికొస్తున్నానని పిన్నితో చెప్పు. ఫైలు మాటెత్తితే మాత్రం సగంలో లేచిపోతాను.

చిన్నప్పుడు నీ కొత్త సైకిలు ఇస్తూ, "ఇంకెవరికీ ఇవ్వకు" అన్నావు. నేను నా స్నేహితురాలికిచ్చాను, అది వాళ్లన్నకిచ్చింది, వాడు ఇంకెవరికో ఇచ్చాడు. ఇప్పటికీ దాని ఆచూకీ లేదు. ఆ రోజు నన్ను గుమ్మంలో నిలబెట్టి, "ఎవరికిచ్చావు? వాళ్లెవరికిచ్చారు?" అని పొద్దుగూకేదాకా అడిగావు.

ఆ ప్రశ్న అడుగుతూ కూర్చున్నందుకే బాబాయ్, ఇప్పుడు నాకు నెలనెలా జీతమిస్తున్నారు.

నీ సైకిలు పోగొట్టిన
అన్న కూతురు