ఎలుకల మిషనూ, పండగ గినీ పందులూ

కాల్కా ఊరు

ఎలుకల మిషన్ల కంపెనీ, లీమా
రెనాన్ ఉర్తియాగా బాబు గారికి,

మరియ తల్లి మిమ్మల్నీ మీ ఇంటివాళ్లనీ చల్లగా చూడాలి.

ముందుగా కృతజ్ఞతలు. మీ మిషన్‌ని లీమాలో ఉండే మా కోడలు నోర్కా పంపింది. పెళ్లయ్యాక తను నాకు పంపిన మొదటి వస్తువు ఇదే. మన చెవికి అందని చప్పుడు చేసి ఎలుకల్ని తరిమేస్తుందట. పచ్చ దీపం ఎంతో బాగుంది. మొక్కజొన్న గంపలు కొరికే ఎలుకలు కూడా కులాసాగానే ఉన్నాయి.

ఒక్క సందేహం బాబూ. నా వంటింట్లో పొయ్యి పక్కనే నలభై గినీ పందులున్నాయి. అవీ ఎలుక జాతేనని బడిలో చదివిన గుర్తు. ఈ ఏడు మా ఊరి పునీతుడు సాన్ మార్తీన్ పండగ జరిపించే వంతు నాది. ఊరంతా మా ఇంట్లోనే భోజనం. అప్పటికి అవి ఉంటాయా, పోతాయా అన్నదే నా బెంగ.

మీ మేలు కోరే
యుదోసియా చాంపి

తా.క. మిషన్ తీసేద్దామంటే కోడలు రోజూ వీడియోలో "అత్తయ్యా, పచ్చ దీపం చూపించండి" అంటుంది.

*

సెన్యోరా యుదోసియా గారికి నమస్కారాలు.

మీ ప్రశంసాపత్రం అందింది. మేనేజరు గారు దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించారు. మీ బెంగ అర్థమైంది. అతిథులు వచ్చే వేళ వంటింట్లో అన్ని జంతువులు తిరుగుతుంటే ఎవరికైనా తలవంపులే. నిశ్చింతగా ఉండండి. పండగనాటికి మీ గడప లోపల ఎలుక జాతిది ఒక్కటీ మిగలదు.

విధేయుడు
రెనాన్ ఉర్తియాగా

తా.క. మీ ఇబ్బంది చూసి ఇంకో రెండు మిషన్లు ఉచితంగా పంపుతున్నాం. పొయ్యికి అటొకటి, ఇటొకటి పెట్టండి.

*

రెనాన్ బాబుకి దీవెనలు.

మిషన్లు అందాయి. మీ మంచి మనసుకు దండం. కానీ బాబూ, ఆ గినీ పందులే విందు! కాల్చి, బంగాళాదుంపలతో వడ్డించకపోతే ఇక్కడ దాన్ని పండగనరు. పొరుగింటి సిప్రియానా అప్పుడే మొదలుపెట్టింది: "ఏం వదినా, ఈసారి మాకు మిషన్లు కాల్చి పెడతావా?"

మూడు దీపాలు చూసి కోడలు ఎంత మురిసిపోయిందో! తీయడానికి చేతులు రాలేదు. అందుకే సాన్ మార్తీన్ పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, "తండ్రీ, ఈ మిషన్లు పనిచేయకుండా చూడు" అని మొక్కుకున్నాను.

విన్నాడు! ఒక్క గినీ పందీ కదల్లేదు. మచ్చలది మిషన్ కిందే పిల్లల్ని పెట్టింది. మీ కంపెనీకి రుణపడి ఉన్నాను.

మీ యుదోసియా

తా.క. ఎలుకలు కూడా కదల్లేదు. నిన్న ఒకటి మీ మిషన్ మీద కూర్చుని మొక్కజొన్న తింది.

*

సెన్యోరా గారికి,

క్షమించండి. లీమా నగరంలో పుట్టి పెరిగినవాణ్ణి. గినీ పందిని పళ్లెంలో అయితే పోల్చుకునేవాణ్ణి, వంటింట్లో అనేసరికి తికమకపడ్డాను.

మీ ఉత్తరం మళ్లీ కృతజ్ఞతలతోనే మొదలైందని మేనేజరు గారు దీనికీ అద్దం తెమ్మన్నారు. కింది దాకా చదివాక ఆయన ముఖం మాడిపోయింది. పండగ రోజున అన్నిటికన్నా బలమైన మిషన్‌తో మెకానిక్ వస్తున్నాడు. నేను ఆపలేకపోయాను.

రెనాన్

తా.క. ఆ పటం ముందు ఇంకో కొవ్వొత్తి వెలిగించండి. నా లెక్కలో.

*

రెనాన్ బాబుకి,

దేవుడు మీకు వెయ్యింతలు మేలు చేయాలి.

మీ మెకానిక్ మేం పొయ్యి రాజేయకముందే వచ్చాడు. పెట్టెంత మిషన్ తగిలించాడు. నేను కళ్లు మూసుకున్నాను. పండగకి వచ్చిన నోర్కా గుమ్మంలో నిలబడి గినీ పందులకేసి రెప్ప వేయకుండా చూస్తోంది. ఒక్కటీ పారిపోలేదు. పైగా ఒకటి తీరిగ్గా వెళ్లి నోర్కా బూటు లేసు నమిలింది.

కోడలు పిల్ల కెవ్వుమని బల్లెక్కేసింది.

"ఎలుకల కోసం కాదత్తయ్యా, వీటి కోసమే పంపాను ఆ మిషన్! వీటి భయంతోనే ఇన్నాళ్లూ మీ ఇంటికి రాలేదు. మూడు దీపాలు చూశాకే ధైర్యం చేసి వచ్చాను. చెబితే మీరు నొచ్చుకుంటారని..."

"నేనంటే గిట్టక రావట్లేదనుకున్నానే తల్లీ!"

"భయమైతే తినేయవే పిచ్చిపిల్లా," అంది సిప్రియానా, "ఒకటి తగ్గుతుంది."

రెండు తింది బాబూ. రాత్రి నా పక్కనే పడుకుంది. మీ మిషన్ పనిచేసి ఉంటే ఆ మాట తన నోట వచ్చేదా? పనిచేయనందుకు మీ కంపెనీకి నా పాదాభివందనాలు.

ఎప్పటికీ మీ
యుదోసియా

తా.క. ఎలుకలకి సిప్రియానా పిల్లిని తెచ్చాను. పెద్ద మిషన్ వెచ్చగా ఉంటుందని దాని మీదే పడుకుంటోంది. ఇప్పుడు ఒక్క ఎలుకా లేదు. మీ మిషన్ వల్లే పోయాయని మేనేజరు గారు రాసుకుంటే, అది పూర్తిగా అబద్ధమేమీ కాదు.