ముల్లు లేని ముక్క

ప్రియమైన మరదలు గంటమ్మకి,

మీ బావ రాసేది. అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి, ఏమీ అనుకోకు. ఊరి బడిలో ఐదో తరగతితో ఆపేసినవాణ్ణి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోను చెవిలో పెట్టుకుంటే నాకు మాట పెగలదని నీకు తెలుసు.

మీ అక్కని శనివారం ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతున్నారు. పక్షవాతం వచ్చి ఇవాళ్టికి నలభై రోజులు. కుడి చెయ్యి, కుడి కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మాట రాలేదు. మనం చెప్పేది మాత్రం అంతా అర్థమవుతోంది. ఎడమ చెయ్యి బాగుంది. నాకు మూగబావ అని పేరు పెట్టింది నువ్వే. ఇక ఇంట్లో మాట్లాడాల్సింది నేనొక్కణ్ణే.

ఒక చిక్కు ఉంది. నాలుగు వారాలు, ప్రతి మంగళవారం, నర్సమ్మ వచ్చి చూస్తుంది. బరువు తూస్తుంది. తిండి సరిగ్గా దిగుతోందా, పొరపోతోందా అని రాసుకుంటుంది. మీ అక్క ఇంట్లో ఉండొచ్చా, లేక రోగుల్ని ఉంచుకుని చూసుకునే చోటికి పంపాలా అన్నది నాలుగో మంగళవారం తేలుస్తుంది. ఆ చోటు వెళ్ళి చూసి వచ్చాను. శుభ్రంగానే ఉంది. గదికి ఆరు మంచాలు. కిటికీ తెరిస్తే గోడ. మనుషులు ఆదివారం ఒక గంట వచ్చి చూడొచ్చట. పెళ్ళయిన ఈ నలభై నాలుగేళ్ళలో, ఈ ఆసుపత్రి రోజులు తప్ప, మేము ఒక్క రోజు కూడా విడిగా ఉండలేదు.

ఆసుపత్రి జావకి మొహం తిప్పేసుకుంటోంది. ఆరు కిలోలు తగ్గింది. మెత్తటి చేప పెట్టమన్నారు. సాల్మన్ అయితే పొరలు పొరలుగా విడిపోతుంది, మింగడం తేలికట. కానీ ఒక్క ముల్లు కూడా ఉండకూడదు. ఆవిడ గట్టిగా దగ్గలేదు, గొంతులో పడితే బయటికి రాదు అని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ముల్లు సంగతి నాకొదిలెయ్. చేపల ఫ్యాక్టరీ కోతగదిలో ముప్పై ఒక్క ఏళ్ళు సాల్మన్ ముళ్ళు తీసినవాణ్ణి. కళ్ళు మూసుకుని తీసేవాణ్ణి. వండడం మాత్రం రాదు. మీ అక్క నన్ను పొయ్యి దగ్గరికి ఎప్పుడు రానిచ్చింది గనక?

సాయంత్రం కుర్చీలో అరగంట కూర్చోగలదు. తర్వాత తల వాలిపోతుంది. వాలాక ఏమీ పెట్టకూడదు. కాబట్టి వంట తొందరగా కావాలి, నోటికి రుచిగా ఉండాలి, నాకు చేతనవ్వాలి. నువ్వు మిల్లు క్యాంటీన్లో రోజూ రెండొందల మందికి వండుతావు. ఒక్క మనిషికి ఎలా వండాలో చెప్పు.

వెంటనే రాయి.

నీ బావ


ప్రియమైన మూగబావకి,

నీ ఉత్తరం క్యాంటీన్ గుమ్మంలో నిలబడే చదివాను. బంగాళాదుంపలు చెక్కు తీసే ఆవిడ నా మొహం చూసి "ఎవరన్నా పోయారా?" అంది. "ఎవరూ పోలేదు, మా బావకి మాటలొచ్చాయి" అన్నాను. నిజం బావా. ఇన్నేళ్ళుగా నువ్వు నాతో ఆడిన మాటలన్నీ మూటగట్టినా ఆ ఉత్తరంలో సగం రావు. అక్కకి చెప్పు, నవ్వుతుంది.

సరే, విను. భయపడకు, పావుగంట పని.

ముక్కని ఫ్రిజ్ లోంచి ముందే తీసి బయట పెట్టు. అక్కని కుర్చీలో కూర్చోబెట్టే ముందే వెల్లుల్లి రెండు రెబ్బలు చితక్కొట్టుకో, నిమ్మకాయ కోసుకో. ముక్కని పొడిగుడ్డతో బాగా అద్దు, తడి ఉంటే పెనానికి అంటుకుని నిన్ను ఏడిపిస్తుంది. చిటికెడు ఉప్పు, కాస్త మిరియాలపొడి. పెనం కాలాక చెంచాడు నూనె వేసి, తోలు వైపు కిందకి ఉండేలా పెట్టు. పెట్టాక చేతులు కట్టుకుని నిలబడు. కదపకు. మగవాళ్ళందరికీ ఉండే జబ్బు అదే, ఊరికే కెలుకుతారు. చేప అంచు చూస్తూ ఉండు. కిందనుంచి రంగు మారుతూ పైకి పాకుతుంది. మూడొంతులు పాకాక తిరగెయ్. ఒక్క నిమిషం. పొయ్యి ఆర్పేసి, ఆ వేడి మీదే వెన్న, వెల్లుల్లి, నిమ్మరసం, అర చెంచా తేనె వేసి, కరిగిన రసం చెంచాతో ముక్క మీద పోస్తూ ఉండు. ఆ రసమే రుచి. గొంతులోకి జారడానికి కూడా అదే సాయం. తోలు అక్కకి పెట్టకు, కరకరలాడుతుంది. నువ్వు తినెయ్.

మొదటిసారి మాడుతుంది. రెండోసారి మాడదు. నాకు సెలవు దొరకడం లేదు, లేకపోతే ఈపాటికి నీ వంటింట్లో ఉండి నీ చెవి మెలిపెడుతూ ఉండేదాన్ని.

నీ మరదలు
గంటమ్మ


ప్రియమైన గంటమ్మకి,

నువ్వు అన్నట్టే మొదటిసారి మాడింది. మేడ మీదివాళ్ళు కిందికి దిగి వచ్చి అడిగారు. రెండోసారి కుదిరింది. వెన్న, వెల్లుల్లి వాసనకి మీ అక్క తల ఎత్తి వంటింటి వైపు చూసింది. ముక్క అంతా తిన్నది. వారం నుంచి రోజు విడిచి రోజు అదే.

నిన్న రెండో మంగళవారం. బరువు అరకిలో పెరిగింది. "వంట ఎవరు చేస్తున్నారండీ?" అంది నర్సమ్మ. నేనే అన్నాను. "మా ఇంటికి కూడా రండి" అంది. నాకు సిగ్గేసింది.

ఒక్కటే బాధ. మీ అక్క నన్ను తినిపించనివ్వదు. చెంచా ఎత్తితే తోసేస్తుంది. ఎడమ చేత్తో తనే ముక్కని విరిచి, వేళ్ళ మధ్య నలిపి నలిపి నోట్లో పెట్టుకుంటుంది. ఒళ్ళో రుమాలు ఉండాల్సిందే. మాటిమాటికీ రుమాలుతో చెయ్యి తుడుచుకుంటుంది. ఆ రుమాలు నన్ను ఉతకనివ్వదు, దిండు కింద దాచుకుంటుంది. ఒకప్పుడు ఎంత నీటుగా తినేదో నీకు తెలుసు కదా. నా చేతి ముద్ద ఎందుకు వద్దో తెలియడం లేదు. జబ్బు వల్లనేమో.

మొన్న పెనం అంచు పట్టుకున్నట్టున్నాను. మీ అక్క నా చెయ్యి లాగి చూపించేదాకా బొబ్బ లేచిందని తెలియలేదు. చిన్నదే. వెన్న రాశాను.

నీ ఒంట్లో ఎలా ఉంది? రాయి.

నీ బావ


బావకి,

బొబ్బకి వెన్న రాసేది ఎవరు బావా? చన్నీళ్ళ కింద పెట్టాలి. అది పక్కన పెట్టు. నేను పొయ్యి దగ్గర ముప్పై ఏళ్ళుగా చేతులు కాల్చుకుంటున్నాను. కాలితే తెలుస్తుంది. తెలియకపోవడమేంటి?

మా క్యాంటీన్లో గిన్నెలు కడిగే తాతకి ఇలాగే వేళ్ళ కొసలు మొద్దుబారాయి. పగిలిన గాజుగ్లాసు కూడా చేత్తో ఎత్తేస్తాడు. నువ్వేమో ముప్పై ఒక్క ఏళ్ళు ఐసు నీళ్ళల్లో చేతులు పెట్టావు. నీ వేళ్ళకి తెలుస్తోందా బావా? నిజం చెప్పు.

ఊరికే అడిగితే నువ్వు చెప్పవు. అందుకని ఈ ఉత్తరంలో ఒక మందపాటి కాగితం పెట్టాను. అది రెండు కాగితాలు జిగురుతో అంటించింది. మధ్యలో చీపురుపుల్ల పెట్టాను. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి, ఎక్కడుందో రాయి. వెలుతురుకి ఎత్తి చూడకు. నా మీద ఒట్టు.

గంటమ్మ


గంటమ్మకి,

పుల్ల దొరికింది. పైన కుడి మూల. ఒకటే.

నా వేళ్ళకి ఏమీ కాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళిన చేపలో ముల్లు దొరికిందని ఒక్క ఫిర్యాదు రాలేదు. కోతగదిలో నన్ను దువ్వెన అని పిలిచేవాళ్ళు. వేళ్ళు ఒక్కసారి పోనిస్తే ఏదీ మిగలదని.

మూడో మంగళవారం అయింది. ఇంకో అరకిలో పెరిగింది. ఇంకొక్క మంగళవారం ఉంది. ఈ వేళలో నాకు ఇలాంటి పరీక్షలు పెట్టకు.

బావ


బావా,

మూడు పెట్టాను.

మూలన ఉన్నది లావుది, వెలుతురుకి కనిపించేది. మిగతా రెండూ సన్నవి, చేతికి తప్ప దొరకవు. నువ్వు ఒట్టు తప్పావు. నాకు కోపం లేదు, భయంగా ఉంది.

ఇక చేప వండకు. జావే పెట్టు. మంగళవారం నర్సమ్మకి నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను ఫోను చేసి చెప్తాను. అక్కని ఆరు మంచాల గదిలో పడుకోబెట్టాలని నాకు సరదానా? రాత్రీ పగలూ ఆ ముల్లే నా గొంతులో ఉన్నట్టుంది.

నీ మీద ప్రేమతోనే రాస్తున్నాను. తిట్టుకోకు.

గంటమ్మ


ప్రియమైన గంటమ్మకి,

నీ ఉత్తరం శనివారం అందింది. ఇవాళ బుధవారం. నాలుగు రోజులు రాయలేకపోయాను. అంతా వరసగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నా వేళ్ళ సంగతి నాకు తెలుసు. ఫ్యాక్టరీలో ఆఖరి ఏడాది నుంచే కొసలు పోయాయి. చేతులకి ఎప్పుడూ తొడుగులు వేసుకున్నట్టు ఉంటుంది. అప్పట్నించీ కళ్ళతో చూసి తీసేవాణ్ణి. డాక్టరుకి చెప్పలేదు. చెప్తే మీ అక్కని నా చేతికి ఇవ్వరని భయపడ్డాను. కళ్ళు చాలనుకున్నాను. చేప లోపలి ముల్లు కళ్ళకి దొరకదు. ఆ మాట కోతగదిలో కొత్తవాళ్ళకి నేనే చెప్పేవాణ్ణి.

శనివారం నువ్వు చెప్పినట్టే జావ కాచి పెట్టాను. మీ అక్క గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. ఎడమ చేత్తో బల్ల మీద దబదబా కొట్టింది. "ఇక చేప వద్దు. నా వేళ్ళకి తెలియడం లేదు" అన్నాను. నలభై నాలుగేళ్ళలో మీ అక్కతో నేను అన్న మాటలన్నింటిలోకీ కష్టమైనది అదే.

అప్పుడు ఒళ్ళో రుమాలు తీసి నా ముందు పెట్టింది. కొసన ముడి ఉంది. విప్పాను. రెండు ముళ్ళు. తర్వాత మంచం పక్కన సూదీదారం డబ్బా చూపించింది. తెరిచాను. గుండీల మధ్యలో ముళ్ళు. అవీ ఇవీ కలిపి పదిహేడు.

ఆమె నలుపుకుంటూ తిన్నది అందుకు. నేను తినిపించబోతే తోసేసింది అందుకు. ప్రతి ముద్దా వెతికి, ముల్లు రుమాల్లో దాచి, నా ఎదుట ముక్క అంతా తిని చూపించింది.

ఇంకో సంగతి అప్పుడే తట్టింది. రెండేళ్ళుగా పొద్దున్నే నా చొక్కా గుండీలు మీ అక్కే పెట్టేది. "నువ్వు పెడితే ఎగుడుదిగుడుగా పెడతావయ్యా, ఇలా రా" అని కసిరేది. ముసలితనంలో ముద్దు అనుకున్నాను. నా వేళ్ళ సంగతి నాతోపాటే తనకీ తెలుసన్నమాట.

కూర్చుండిపోయాను. "నాకు చెప్పొచ్చుగా" అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. మీ అక్క నా వైపు చూసి నవ్వింది. సగం నోరే నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు.

ఆదివారం పొద్దున పచ్చి ముక్కని పళ్ళెంలో పెట్టి, మంచం మీదే దిళ్ళకి ఆనించి, ఆమె ఒళ్ళో పెట్టాను. ఎడమ చూపుడువేలు పట్టుకుని, తల వైపు నుంచి తోక వైపుకి ఎలా పోనివ్వాలో చూపించాను. వేలు నెమ్మదిగా వెళ్ళి ఒక చోట ఆగింది. రెండుసార్లు తట్టింది. అక్కడ పట్టకారు పెట్టి లాగాను. ముల్లు రాలేదు, చేప వచ్చింది. నా చెయ్యి మీద ఒక్కటి వేసింది. మళ్ళీ తట్టింది. ఈసారి వచ్చింది. అలా ఆరు తీశాం. సాయంత్రం నువ్వు చెప్పినట్టే వండాను. చెంచాతో తినిపించాను. తోసెయ్యలేదు. అయినా ప్రతి ముద్దా దిగేదాకా ఆమె గొంతు వైపే చూశాను.

నిన్న నాలుగో మంగళవారం. నర్సమ్మ బరువు తూసి, బాగుంది అని రాయబోతుంటే, ముళ్ళ డబ్బా తెచ్చి ముందు పెట్టాను. నా వేళ్ళ సంగతీ చెప్పాను.

"ఇవన్నీ ఆవిడ నోట్లోకి వెళ్ళినవా?"

"నోటిదాకా వెళ్ళినవమ్మా. ఆవిడే పట్టుకుంది."

"ఒక్కటి తప్పిపోయి ఉంటే?"

"రోజూ అదే అనుకుంటున్నాను."

"ముందే చెప్పాల్సింది."

"అవునమ్మా."

చాలాసేపు రాసింది. తర్వాత మేమిద్దరం ఎలా తీస్తున్నామో చూపించమంది. చూపించాం. అయ్యాక తను చేతులు కడుక్కుని ముక్క అంతా తడిమింది. ఏమీ దొరకలేదు. "ఇంకో నాలుగు వారాలు చూస్తాను. ఈసారి ఏ రోజు వస్తానో చెప్పను. వంటవేళకే వస్తాను" అంది. అంతే. ఇంట్లో ఉండొచ్చని అనలేదు, పంపాలని కూడా అనలేదు. మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా ఆవిడేనేమోనని తలుపు దాకా వెళ్తున్నాను. నువ్వు ఫోను చెయ్యదలిస్తే చెయ్యి, నేను చెప్పినదాంట్లో అబద్ధం ఏమన్నా ఉందేమో కనుక్కో.

నీ కాగితం పారెయ్యలేదు. ఇవాళ పొద్దున మీ అక్క చేతికి ఇచ్చి, కళ్ళు మూసుకోమన్నాను. మూడు చోట్ల తట్టింది. మూడూ సరే. నాలుగో చోట కూడా తట్టింది. లేదు, మూడే అన్నాను. మళ్ళీ అక్కడే తట్టింది, గట్టిగా. చించి చూశాను. జిగురులో నీ తలవెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉంది. సగం నలుపు, సగం తెలుపు. రంగు ఎప్పట్నించి వేస్తున్నావు అని మీ అక్క సైగ చేసి అడుగుతోంది.

ఇంకో కాగితం అంటించి పంపు. సన్నపుల్లలే పెట్టు. ఎన్ని పెట్టావో నాకు చెప్పకు. నర్సమ్మ వచ్చేలోపు మీ అక్క వేలికి అలవాటు కావాలి. జవాబు తొందరగా రాయి.

నీ మూగబావ