తమ్ముడి హస్తవాసి

చిరంజీవి తమ్ముణ్ణి అక్క దీవించి రాసేది.

నేను బాగున్నాను. కుట్టు మిషనూ బాగుంది. అమ్మ వెండి వేలి తొడుగు మాత్రం కనబడ్డం లేదు. నువ్వు కొత్త ఉద్యోగంలో చేరడానికి బస్సెక్కిన మర్నాడు పనికి కూర్చుని చూసుకుంటే వేలికి లేదు, రేకు డబ్బాలో లేదు. షాపంతా ఊడ్చాను. గుడ్డ పేలికలన్నీ దులిపాను. బజార్లో ఇత్తడిది దొరుకుతుంది కదా అని వచ్చినవాళ్లందరూ చెబుతున్నారు. దొరుకుతుంది, టైలర్ని నాకు తెలీదా? కానీ ఆ తొడుగు ముందు అమ్మ వేలికి అరిగి, తర్వాత నా వేలికి అరిగింది. అది పెట్టుకుంటే అమ్మ నా వేలు పట్టుకుని కుట్టిస్తున్నట్టే ఉంటుంది నాకు. అది దొరికేదాకా ఇంకోటి పెట్టుకోను. ఈలోగా సూది పొడిచి పొడిచి వేలు జల్లెడైపోయింది.

నువ్వు చేరిన షాపులో మెటల్ డిటెక్టర్లు అమ్ముతారన్నావు కదా, ఒకటి ధర ఎంతో రాయి. తమ్ముడివని తగ్గించమని అడగను. తగ్గిస్తే వద్దనను.

ఇట్లు,
నీ అక్క

తా.క. నేను కుట్టిన కోటు వేసుకుంటున్నావా, నలుగుతుందని పెట్టెలో దాచావా? దాచావని తెలిసిందో, వచ్చి నిన్ను కూడా అదే పెట్టెలో పెడతాను.

* * *

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాసేది.

అమ్మ తొడుగు పోయిందని చదివి మనసు చివుక్కుమంది. కానీ నువ్వు సరైన సమయంలో సరైన షాపుకి రాశావు. మా కొత్త మోడల్ పోయిన వారమే దిగింది. పాతది ఉత్తినే మోగేది, ఇది ఆలోచించి మోగుతుంది. ప్రచార కాగితం మీద అలాగే అచ్చు వేయించాం. అది చూసి ఎదురు షాపువాడు "మాది ఆలోచించకుండానే మోగును, మీ టైము ఆదా" అని బోర్డు పెట్టాడు. మేం ధర తగ్గించాం. వాడూ తగ్గించాడు. మేం గునపం ఉచితమన్నాం. వాడు గునపంతో పాటు టోపీ ఇస్తున్నాడు. మా మేనేజరుకి టోపీ దెబ్బ బాగా తగిలింది, రెండ్రోజులు బజారంతా టోపీల ధరలు అడుగుతూ తిరిగాడు.

అక్కా, ఒక వింత చెప్పాలి. షోరూములో గచ్చు మీద యంత్రం పెడితే మిగతా సేల్స్‌మెన్ చేతుల్లో కుయ్యిమనదు. నేను తీసుకుని కాస్త ముందుకి వంగితే చాలు, కూత! గచ్చు కింద ఎప్పటివో ఇనుప ఊచలుంటాయట, అంత లోతుకి నా చేతిలోనే పోతోందట. "నీ హస్తవాసి మంచిదయ్యా" అంటున్నాడు మేనేజరు. ఇప్పుడు గిరాకీలు నన్నే అడుగుతున్నారు.

నీకు ఒకటి పంపుతున్నాను. ధర నీ రెండు నెలల కుట్టుకూలి. ఇంతకంటే తగ్గిస్తే నా జీతంలో కోస్తారు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. కోటు ఒంటి మీంచి తియ్యడమే లేదు. కాకపోతే ఈ ఊళ్లో జేబుదొంగలు ఎక్కువ. పొద్దున కుడి జేబులో వేసిన చిల్లర మధ్యాహ్నానికి ఉండదు.

* * *

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ యంత్రం వచ్చింది. పెట్టె విప్పి మీట నొక్కగానే ముందు నన్ను చూసి మొత్తుకుంది. జాకెట్టుకి గుచ్చుకున్న పిన్నీసులు తీశాను. మొత్తుకుంది. కొప్పులో పిన్నులు తీశాను. మొత్తుకుంది. నడుముకి కట్టుకున్న కత్తెర విప్పి, భుజం మీద గుచ్చుకుని మరిచిపోయిన సూది తీసి, జుట్టు విరబోసుకుని నిలబడితే అప్పుడు ఊరుకుంది. సరిగ్గా అప్పుడే కొలతలివ్వడానికి ఒకావిడ లోపలికొచ్చి నన్ను చూసి, రేపొస్తానని వెళ్లిపోయింది. ఇంతవరకు రాలేదు.

తర్వాత నేల. ఎక్కడ పెట్టినా మోతే! మూల మోగుతుంది, గుమ్మం మోగుతుంది, మిషను కింద పెడితే చెవులు చిల్లులు పడుతున్నాయి. అయినా వదలను. గుడ్డ మీద గీసినట్టు గది మొత్తం సుద్దతో గళ్లు గీశాను. రోజూ కొన్ని గళ్లు తవ్వుతాను. నేల మోగి మోగి అలిసిపోవాలి గానీ నేను అలిసిపోను.

ఇట్లు,
నీ అక్క

తా.క. యంత్రంతో వచ్చిన కాగితంలో "దీన్ని కొన్నవారు ఇక పనిచేయనక్కర్లేదు" అని ఉంది. నిజమే, కొన్నప్పట్నుంచి నాకు పని చెయ్యడానికి టైము లేదు.

* * *

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎక్కడ పెట్టినా మోగుతోందా! అక్కా, అది మామూలు మోత కాదు. నీ కింద నిధి ఉంది. ఎవరికీ చెప్పకు.

నేను మేనేజరుకి ఒక్కడికే చెప్పాను. ఆయన బోర్డుకి ఒక్కదానికే ఎక్కించాడు: "మా యంత్రంతో ఒక మహిళా టైలరు ఇంట ఆగని మోత!" మన ఊరి పేరు కింద చిన్నక్షరాలతోనే వేశాడు. నిధి అని మేం ఎక్కడా అనలేదు, జనమే అనుకుంటున్నారు. దాంతో ధర పెంచాం. పెంచిన కొద్దీ ఎగబడి కొంటున్నారు. తక్కువకి ఇచ్చినప్పుడు అనుమానపడ్డవాళ్లే ఇప్పుడు వరసలో నిలబడుతున్నారు. ఎదురు షాపువాడు గొడుగు కూడా ఉచితమన్నా అటు చూసేవాడు లేడు.

నా హస్తవాసి రోజురోజుకీ పెరుగుతోంది. మొదట్లో బాగా వంగాల్సొచ్చేది, ఇప్పుడు కొద్దిగా వంగితే చాలు, వీధి చివరికి వినిపిస్తోంది. కోటు కూడా ఈ మధ్య కుడివైపు భలే నిలబడుతోంది. ఎవరు కుట్టారని అందరూ అడుగుతున్నారు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. జేబుదొంగలు మరీ బరితెగించారు. పెన్ను మూత ఎత్తుకుపోయారు, పెన్ను వదిలేశారు. నిన్న గది తాళంచెవి కూడా పోయింది. రాత్రి మెట్ల మీద పడుకున్నాను.

* * *

తమ్ముడికి అక్క కోపంగా రాసేది.

నిధీ లేదు, నీ బొందా లేదు! ఈ గదిలో నాకు ముందు కూడా టైలర్లే ఉండేవాళ్లు. ప్రతి పగుల్లోనూ గుండుసూదులు, హుక్కులు, ప్రెస్ బటన్లు. మీ యంత్రం వాటిని చూసి ఆలోచిస్తోంది!

నీ బోర్డు పుణ్యమా అని షాపు ముందు జనం. ఇల్లు అద్దెకిచ్చినాయన గునపంతో దిగి, నేల తనది కాబట్టి కింద ఉన్నదీ తనదేనన్నాడు. సరే తవ్వుకోమన్నాను. సాయంత్రానికి గుప్పెడు హుక్కులు తవ్వుకుని, వాటిల్లో కూడా సగం నాకిచ్చి వెళ్లాడు. మీ ఎదురు షాపు మనిషి వెతుక్కుంటూ వచ్చి, వాళ్ల యంత్రం వాడి చూడమని ఇచ్చాడు. రెండూ ఒకే సూదికి ఒకే రాగంలో కూశాయి. అనుమానమొచ్చి రెండింటి మూతలూ విప్పాను. లోపల ఒకటే ముద్ర, ఒకటే మరలు. ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన అన్నదమ్ములకి మీరు వేరే రంగు చొక్కాలు తొడిగి కొట్టుకుంటున్నారు. మరి నీ చేతిలోదే అంత లోతుకి ఎలా పోతుందిరా?

గళ్లన్నీ తవ్వడం అయిపోయింది. తొడుగు గదిలో లేదు. అంటే బయటికెళ్లింది. పని మధ్యలో లేస్తే తొడుగు తీసి, కుడుతున్న బట్ట జేబులోనే వెయ్యడం అమ్మ అలవాటు, నాకూ అదే వచ్చింది. అందుకని యంత్రం భుజాన వేసుకుని, ఆ వారం కుట్టిన బట్టలన్నీ ఇంటింటికీ వెళ్లి వెతికొస్తున్నాను. నీ కోటు జేబులు కూడా చూసి రాయి.

ఇట్లు,
నీ అక్క

తా.క. లెక్కల మాస్టారి ప్యాంటు మోగింది. ఆయన సంబరపడ్డాడు. జిప్పు.

* * *

అక్కయ్యకు తమ్ముడు ఏడుస్తూ రాసేది.

కోటు జేబులు రెండూ చూశాను, ఖాళీ. నేను వేసినవే ఉండనప్పుడు నువ్వు వేసింది ఉంటుందా?

నా బతుకు బజారున పడింది, నిజంగా బజార్లోనే. రెండు షాపుల మధ్య వీధిలో పోటీ పెట్టారు. ఎవరి యంత్రం లోతుకి పోతుందో జనం ముందే తేలాలన్నారు. ఎండ మండిపోతోంది. కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు మడిచి, రంగంలోకి దిగాను. వంగాను. చప్పుడు లేదు. ఇంకా వంగాను. నడుం పట్టేసింది గానీ యంత్రం పలకలేదు. ఎదురు షాపువాడిదీ పలకలేదు. కానీ వాడు తెలివైనవాడు, "అదే మౌనం, సగం ధరకే!" అని అరిచాడు. జనమంతా అటు పోయారు.

మేనేజరు నన్ను రేపట్నుంచి రావద్దన్నాడు. కోటు తొడుక్కుని, యంత్రం అప్పగిద్దామని షోరూములోకెళ్లి, వంగి కింద పెడుతుంటే కూత! ఆయన పరిగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. ఎండ పడని యంత్రమని తేల్చాడు. "నీడలో వాడవలెను" అని కొత్త కాగితాలు అచ్చవుతున్నాయి. ఉద్యోగం నిలబడింది గానీ నాకే నమ్మకం పోయింది. నా హస్తవాసి ఎండకి ఎందుకు పారిపోయిందక్కా?

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. పోటీ గొడవలో కుర్చీ మీది కోటు జోలికి ఏ దొంగా పోలేదు. ఈ ఊరి దొంగలు నేను లోపల ఉంటేనే వస్తారు.

* * *

చిరంజీవి తమ్ముణ్ణి అక్క మనసారా దీవించి రాసేది.

ఒరేయ్, ఈ ఉత్తరం నిలబడి చదువు. కూర్చుంటే కోటు నలుగుతుంది.

కుడి జేబులో చెయ్యి పెట్టు. అడుగుదాకా పోనీ. అడుగు లేదు కదూ? ఆ రోజు కోటంతా అయిపోయి, ఆ జేబు అడుగు ఒక్కటే మిగిలింది. ఇస్త్రీపెట్టె కాలిందో లేదో చూద్దామని లేచాను. లేస్తూ అలవాటు కొద్దీ తొడుగు తీసి ఆ జేబులో వేసుంటాను. ఈలోగా బస్సు కూత వినబడిందని కోటు తొడుక్కుని, నేను ఆగరా ఆగరా అంటుంటే ఒక్క పరుగు తీశావు. అడుగు లేని జేబులోంచి తొడుగు లైనింగులోకి జారి, కింద అంచు మడతలో కూర్చుంది. నీ చిల్లర, పెన్ను మూత, తాళంచెవి తర్వాత ఒక్కొక్కటే వెళ్లి దాని పక్కన కాపురం పెట్టాయి. నువ్వు వంగితే కోటు అంచు యంత్రం మీదికి వస్తుంది. అదీ నీ హస్తవాసి. పాపం, ఆ ఊరి జేబుదొంగలకి నా తరఫున క్షమాపణ చెప్పు.

బ్లేడు పెట్టకు. లైనింగు చింపావంటే నీ వీపు చీరేస్తాను. ఆదివారం కోటు తొడుక్కునే బస్సెక్కు, కుట్టు నేనే విప్పుతాను. మేనేజరుకి మాత్రం వచ్చేముందు నిజం చెప్పి రా. మోసం చేసి అమ్మే ఉద్యోగం నీకొద్దు. తీసేస్తే తీసేస్తాడు, నా పక్కన రెండో మిషను ఖాళీగానే ఉంది.

ఇది రాస్తూ ఏడ్చాను, నవ్వాను కూడా. తెలియని ఊళ్లో ఒక్కడివే ఎలా ఉన్నావో అని రోజూ బెంగపడేదాన్ని. అమ్మ తొడుగు నీ మోకాలి దగ్గరే వేలాడుతూ నీతో తిరిగింది, ఆ రాత్రి మెట్ల మీద కూడా నీ పక్కనే పడుకుంది. ఇక బెంగ లేదు.

ఇట్లు,
నీ అక్క

తా.క. యంత్రం మంచిదేనని మీ మేనేజరుకి చెప్పు. మొదటి రోజే నా తొడుగు కనిపెట్టి, గొంతు చించుకుని చెప్పింది. మీరందరూ నేలకేసి చూశారు.