బాతుపిల్లల నీళ్ల గిన్నె

నాయనా,

పలమనేరు సంతలో కొన్న బాతుగుడ్లను మన కోడిపెట్ట పొదిగింది. పిల్లలకు మొదట నానిన నూకలు పెట్టాను, మూడో వారం నుంచి తవుడు కలిపాను, అంతా నీ పద్ధతే. గూడంతా బురద చేస్తున్నాయని నీళ్ల గిన్నె మాత్రం దూరంగా జరిపాను. ఈ పొద్దున ఒక పిల్ల తవుడు మింగలేక మెడ సాచి గిలగిల్లాడింది.

అమ్మ పరుగెత్తుకొచ్చి, "నీళ్లు యాడ పెట్టినావు మే? అవేమన్నా కోడిపిల్లలా? మీ నాయన నీళ్లు పెట్టినాకే మేత ఏస్తా ఉండినాడు" అంది.

గిన్నె దగ్గర పెట్టగానే అది ముక్కు ముంచి తేరుకుంది. ఇప్పుడు అన్నీ ఒక ముద్ద తిని, ఒకసారి ముంచి, మళ్లీ తింటున్నాయి.

పక్కన చెంబు లేనిదే నువ్వూ కంచం ముందు కూర్చునేవాడివి కావు. అది బాతుల్ని చూసి నేర్చుకున్నావా? నీ నుంచే వాటికి ఆ వరుస వచ్చిందా? ఎప్పుడూ అడగలేదు.

ఈరోజు నీ సంవత్సరీకం. అమ్మ నీకు ఆకు వేసింది. అన్నం వడ్డించకముందే నేను చెంబుతో నీళ్లు పెట్టాను.