ఎదురుచూపు ఖర్చు: సున్నా

ప్రియమైన అక్కకి,

చిన్నప్పుడు నీ కొత్త గొడుగు చూసి ఓర్వలేక దాని పుల్ల విరిచేశానే, గుర్తుందా? "కుళ్ళుబోతుదానా" అని నెల రోజులు పిలిచావు. ఆ బుద్ధి ఇంకా పోలేదని ఒప్పుకోవడానికే ఈ ఉత్తరం.

మా ఆఫీసులో ఎనిమిది నెలల క్రితం ఒక అమ్మాయి చేరింది. వచ్చిన రోజు నుంచీ నన్ను "అక్కా" అంటుంది, నాకు ఒళ్ళు మండుతుంది. పదేళ్ళుగా నేను చేస్తున్న పనే ఆమెకీ ఇచ్చారు. మందులు దాచే కోల్డ్ స్టోరేజీ గదుల్లో గోడలకి అగ్గిపెట్టెలంత సెన్సర్లు బిగిస్తారు. అవి వేడి కొలిచి, తీగలు లేకుండా ఒకదానికొకటి కబురందించుకుంటూ తలుపు దగ్గరి పెట్టె దాకా చేరుస్తాయి. వాటి బ్యాటరీలు ఎన్నాళ్ళు వస్తాయో, బిగించకముందే కంప్యూటర్లో ఉత్తుత్తి గది కట్టి లెక్క తేల్చాలి. నాకు రోజంతా పట్టే లెక్క ఆమె నాలుగు నిమిషాల్లో తేల్చేస్తోంది. మా పెద్దాయన అందరి ముందూ, "చూసి నేర్చుకోండమ్మా" అన్నాడు నాతో! మీటింగులో ఆయన పక్క కుర్చీ ఇప్పుడు ఆమెది. పైకి నవ్వుతూ కూర్చున్నాను గానీ లోపల కుతకుతలాడిపోయాను.

నిన్న ఆమె లెక్కంతా దువ్వెన పెట్టి దువ్వినట్టు వెతికాను. తప్పు దొరికింది. సెన్సర్ కబురు పంపడానికే కాదు, పక్కదాని కబురు కోసం చెవులు రిక్కించి కూర్చోవడానికీ ఛార్జింగ్ ఖర్చవుతుంది, క్షణానికి దాదాపు అంతే, పైగా వినే సేపు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ఎదురుచూపు ఖర్చు దగ్గర సున్నా ఉంది. మూడేళ్ళు వస్తాయన్న బ్యాటరీలు ఏడు నెలలకే చస్తాయి. వచ్చే సోమవారం మీటింగులో దీన్ని ఖాయం చేస్తారు. నేను నోరు విప్పను. సెన్సర్లు మూగబోయిన రోజున ఎవరి పనితనం ఏమిటో పెద్దాయనకే తెలుస్తుంది. తిట్టాలనుంటే తిట్టు.

నీ చెల్లి


అక్కా,

నీ జవాబు శనివారం అందింది. తిడతావనుకుంటే రెండే ముక్కలు రాశావు. "ఆ మందులు మా వార్డుకే రావచ్చు, ఆలోచించు. అయినా అంత చురుకైన పిల్ల అంత చిన్న విషయం ఎలా మరిచిపోయిందే?" ఆ రెండో ముక్క నన్ను కూర్చోనివ్వలేదు. మొదటిది కదా కూర్చోనివ్వకూడనిది అంటావు, నా సంగతి నీకు తెలియనిదా.

ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో తవ్వి చూశాను. అది ఆమె రాసింది కాదు. ఆమె తన లెక్కలో వాడుకున్నది ఆరేళ్ళ క్రితం నేను రాసిన ఫైలు, పైన నా పేరే ఉంది. గడువు ముంచుకొస్తుంటే లెక్క త్వరగా తేలాలని ఆ సున్నా పెట్టి, పక్కన "తర్వాత సరిచేయాలి" అని రాసుకుని మర్చేపోయాను. నా లెక్కని నేనెప్పుడూ అంత శ్రద్ధగా వెతకలేదు. చాలా గదుల్లో సెన్సర్లు కొన్నే కాబట్టి తేడా బయటపడలేదు. సెన్సర్లు ఎక్కువున్న రెండు చోట్ల బ్యాటరీలు ముందే చచ్చిపోతే, నాసిరకం సరుకు అంటగట్టారని బ్యాటరీలవాళ్ళని కడిగేశాను కూడా.

చెప్పాలా వద్దా అని ఊగిసలాడుతూనే సోమవారం మీటింగుకి వెళ్ళాను. నాకంటే ముందే ఆ అమ్మాయి లేచింది.

"సార్, లెక్క తప్పింది. బ్యాటరీలు ఏడు నెలలే వస్తాయి. పొద్దున్నే చూశాను. తప్పు నాదే, సరిచూసుకోలేదు."

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?" అని పెద్దాయన కేకలేశాడు. ఆమె తల వంచుకుంది. ఫైలు మీద నా పేరు చూడకుండా ఉండదు. అయినా నా వైపు కన్నెత్తి చూడలేదు.

నేను లేచాను. "ఆ సున్నా పెట్టింది నేను సార్, ఆరేళ్ళ క్రితం. పాత గదులన్నీ కూడా మళ్ళీ చూడాలి" అన్నాను. ఇప్పుడు ఆ లెక్కలన్నీ మళ్ళీ చేస్తున్నాను, ఆమె చెప్పినట్టు.

ఆ రోజు మీటింగు నుంచి బయటికొచ్చాక ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "మీరు చెప్పకపోయినా సరిపోయేదక్కా" అంది. కళ్ళనిండా నీళ్ళు. నా నిజాయితీకి కరిగిపోయింది పిచ్చిపిల్ల.

నీ దగ్గర దాపరికం ఎందుకు? నేను లేచింది నిజాయితీతో కాదు. నా తప్పు నెత్తినేసుకుని అంత హుందాగా నిలబడింది చూడు, ఆ గొప్పతనం కూడా దానికే దక్కుతుందేమోనని ఓర్వలేక లేచాను.

నీ కుళ్ళుబోతు చెల్లి